శుద్ధి, కవచం, స్ఫురణ: ఒకే మూటలో కట్టిన మూడు సంగతులు

అంతర్దృష్టిని, అంటే స్ఫురణను, పెంచుకోవాలనుకునేవారికి ఈ రోజుల్లో ఎక్కడికెళ్లినా దాదాపు ఒకే సలహా వినిపిస్తుంది. రోజూ శక్తిని శుద్ధి చేసుకోండి, ఒంటి చుట్టూ రక్షణ కవచం కట్టుకోండి, ఆ తర్వాతే సాధనకు కూర్చోండి. అలా చేయకపోతే ఇతరుల ప్రతికూల శక్తి అంటుకుంటుందనీ, మనసుకు తట్టేవన్నీ కలుషితమవుతాయనీ హెచ్చరిస్తారు. వినడానికి ఒకే మాటలా ఉన్నా ఇందులో మూడు వేర్వేరు వాదాలున్నాయి. మనిషికో గదికో అంటుకునే శక్తి ఒకటుందన్నది మొదటిది. పొగతో, ఉప్పుతో, ధ్వనితో, ఊహతో దాన్ని వదిలించుకోవచ్చన్నది రెండోది. అలా వదిలించుకున్నవారికి జరగబోయేవీ, ఎదుటివారి మనసులో ఉన్నవీ మరింత స్పష్టంగా తెలుస్తాయన్నది మూడోది. నమ్మేవారు మూడింటినీ కలిపి మింగేస్తారు, నమ్మనివారు మూడింటినీ కలిపి అవతల పారేస్తారు. విడివిడిగా పరీక్షకు పెడితే మాత్రం ఒక్కోదాని గతి ఒక్కోలా తేలుతుంది.

సాధన ఎలా ఉంటుందో ముందు దగ్గరగా చూద్దాం. పని ముగించుకుని వచ్చిన మనిషి ఫోను పక్కన పెట్టి, మోచేతుల దాకా చేతులు కడుక్కుంటుంది. కొందరు ఆ నీళ్లలో గుప్పెడు ఉప్పు వేస్తారు. ధూపం వెలిగించి గది మూలమూలలా తిప్పి, పొగ పోవడానికి కిటికీ తెరుస్తుంది. కూర్చుని కళ్లు మూసుకుని, తన అరికాళ్ల నుంచి చెట్టు వేళ్లలాంటివి భూమిలోకి దిగుతున్నట్టు ఊహించుకుంటుంది. గ్రౌండింగ్ అనేది దీన్నే. ఊపిరి నెమ్మదిస్తుంది. నడినెత్తి మీంచి తెల్లని కాంతి దిగి ఒంటి చుట్టూ గుడ్డు ఆకారంలో నిలిచిందనుకుంటుంది. ఆ రోజు తనతో గొడవపడిన వ్యక్తికీ తనకూ మధ్య ఏదో తీగ ఉందనీ, అది తెగిపోయిందనీ భావిస్తుంది. నాది కానిదంతా నన్ను విడిచిపోవాలి అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి మనసులో అనుకుంటుంది. ఆ తర్వాతే జోస్యం కోసం కార్డులు తీయడమో, లోలకం పట్టుకోవడమో, ఏమీ చేయకుండా మనసులో మెదిలేవాటిని గమనించడమో. అంతా కలిపి పావుగంట, ఇరవై నిమిషాల పని.

దీన్ని వేల ఏళ్ల నాటి విద్యగా పరిచయం చేయడం మామూలే. విడి భాగాలకు పాత మూలాలున్న మాట నిజం. పొగ, నీరు, ఉప్పు చాలా సంస్కృతుల్లో శుద్ధికి గుర్తులు. కానీ ఆరా (ఒంటి చుట్టూ ఉంటుందనే కాంతి వలయం), చక్రాలు, కవచం, తీగలు అన్నీ కలిసిన ఈ కూర్పు వయసు నూటయాభై ఏళ్లకు అటూ ఇటూ. 1875లో న్యూయార్క్‌లో పుట్టిన థియోసాఫికల్ సొసైటీ అనే ఆధ్యాత్మిక సంస్థ దీనికి పునాది వేసింది. ఆ సంస్థకే చెందిన చార్లెస్ లెడ్‌బీటర్ 1927లో చక్రాల మీద ఓ పుస్తకం రాసి, దివ్యదృష్టి ఉన్నవారికి అవి ఎలా కనిపిస్తాయో రంగుల బొమ్మలు వేయించాడు. పదహారో శతాబ్దపు సంస్కృత గ్రంథం షట్చక్ర నిరూపణంలో చక్రాలు ధ్యానం కోసం, కుండలిని ఆరోహణ కోసం వర్ణించినవి. పక్కవారి చెడు అంటి మూసుకుపోతాయి, రోజూ తుడుచుకోవాలి అన్న ధోరణి అందులోది కాదు. అడుగున ఎరుపుతో మొదలై పైన ఊదాతో ముగిసే ఇంద్రధనుస్సు వరుస అయితే మరీ కొత్తది. అది 1970ల తర్వాత వ్యాపించింది.

రక్షణ అనే భాగానికి మాత్రం ఒక మనిషి కథ ఉంది, అది కాస్త ఆగి చూడదగ్గది. డయన్ ఫార్చ్యూన్ అనే కలం పేరుతో ప్రసిద్ధురాలైన బ్రిటిష్ రచయిత్రి వయొలెట్ ఫర్త్, మానసిక దాడుల నుంచి ఆత్మరక్షణ గురించి 1930లో ఓ పుస్తకం ప్రచురించింది. ఈ రంగంలో ఇప్పటికీ దాన్నే మూలగ్రంథంగా చూస్తారు. తనను ఈ దారికి మళ్లించిన ఘటనను ఆమె అందులో వివరంగా రాసింది. ఇరవై ఏళ్ల వయసులో తాను పనిచేసే చోట పై అధికారిణి తనను గదిలో నిలబెట్టి, నీకు చేతకాదు, నీకు ఆత్మవిశ్వాసం లేదు అన్న మాటలనే గంటల తరబడి కళ్లలోకి చూస్తూ వల్లించిందట. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి ఏళ్లు పట్టిందట. తన శక్తి శరీరానికి చిల్లు పడిందని ఆమె తీర్మానించుకుంది. ఇప్పుడు చదివేవారికి అందులో అతీంద్రియమైనదేమీ కనిపించదు, పచ్చి కార్యాలయ వేధింపు కనిపిస్తుంది. మనోవిశ్లేషణ చదివి కొంతకాలం అదే వృత్తిలో ఉన్న మనిషి ఆమె. అంటే కవచం అన్న ఊహ పుట్టిందే, ఎదుటి మనిషి మాట నా లోపలికి దిగి నన్ను నడిపించకుండా ఆపడం ఎలా అన్న ప్రశ్న నుంచి. ఇది గుర్తుంచుకుంటే తర్వాతి సంగతులు తేలిగ్గా అర్థమవుతాయి.

ఇక మొదటి వాదం. అంటుకునే, తాకి తెలుసుకోగలిగే శక్తి ఉందా? దీనిమీద జరిగిన పరీక్షల్లో నాకు బాగా నచ్చింది తొమ్మిదేళ్ల పిల్ల చేసినది. ఎమిలీ రోజా అనే అమెరికన్ బాలిక తన పాఠశాల సైన్స్ ప్రదర్శన కోసం, రోగిని తాకకుండానే చేతులతో శక్తిక్షేత్రాన్ని సరిచేస్తామనే చికిత్సకులను పిలిచింది. మధ్యలో అట్ట అడ్డుపెట్టి, కింద చేసిన రంధ్రాల్లోంచి రెండు చేతులూ చాచమంది. నాణెం ఎగరేసి, పడిన వైపును బట్టి వాళ్ల కుడి చేతి మీదో ఎడమ చేతి మీదో, కాస్త ఎత్తులో తన చెయ్యి ఉంచేది. ఏ చేతి దగ్గర శక్తి తెలుస్తోందో వాళ్లు చెప్పాలి, అంతే. 21 మంది 280 సార్లు ప్రయత్నించి 44 శాతం సరిగ్గా చెప్పారు. కళ్లు మూసుకుని ఊహిస్తే సగటున 50 శాతం రావాలి. 1998లో ఇది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయ్యేనాటికి ఎమిలీకి పదకొండేళ్లు. పరికరాలు లేవు, కష్టమైన గణితం లేదు. ఆ చికిత్సకులు మోసగాళ్లని దీనర్థం కాదు. వాళ్ల అరచేతుల్లో వెచ్చదనం, జలదరింపు నిజంగానే కలిగి ఉండాలి. అవతల చెయ్యి ఉన్నా లేకపోయినా కలుగుతూ ఉండటమే అక్కడ చిక్కు.

స్ఫటికాల విషయంలోనూ ఇలాగే తేలింది. 2001లో లండన్ మనోవైజ్ఞానికుడు క్రిస్ ఫ్రెంచ్ 80 మందిని కూర్చోబెట్టి, సగం మందికి అసలు స్ఫటికాలు, మిగతా సగానికి నకిలీవి ఇచ్చి ధ్యానం చేయించాడు. చేతిలో చిమచిమ, ఏకాగ్రత, హాయి ఇరువైపులవారికీ ఒకేలా కలిగాయి. ఏం అనుభూతి కలగొచ్చో ముందే చెప్పి ఉంచినవారికి ఇంకా ఎక్కువగా కలిగాయి. ఆరా ఫొటోలుగా చలామణీ అయ్యే కిర్లియన్ చిత్రాల్లో కనిపించే వెలుగు అధిక వోల్టేజి విద్యుత్తు వల్ల వస్తుంది, వేలి తడిని బట్టి మారుతుంది. ఆ ఫలక మీద నాణెం పెట్టినా ఆరా వస్తుంది.

పొగ గురించి ఒక అంకె బాగా తిరుగుతోంది. శుద్ధి చేసే ధూపంతో గాలిలోని సూక్ష్మజీవులు 94 శాతం తగ్గుతాయని శాస్త్రం తేల్చిందట. 2007లో వచ్చిన అధ్యయనం ఒకటి ఉన్న మాట నిజమే. అందులో మూసిన గదిలో గంటసేపు కాల్చింది కట్టెతో కలిపిన ఔషధ మూలికల మిశ్రమాన్ని. ఈ అంకెను తగిలించి అమ్ముతున్న వైట్ సేజ్ అనే సువాసన మొక్క అందులో లేనే లేదు. బాక్టీరియా తగ్గడానికీ ప్రతికూల శక్తి పోవడానికీ సంబంధం ఏమిటో ఆ అంకె చెప్పేవారు వివరించరు. వైట్ సేజ్ దక్షిణ కాలిఫోర్నియాలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న మెక్సికో ప్రాంతంలోనూ మాత్రమే సహజంగా పెరుగుతుంది. గిరాకీ పెరిగి దొంగతనంగా పెరికేయడంతో, తరతరాలుగా దాన్ని పవిత్రంగా చూసుకునే అక్కడి మూలవాసులకే ఇబ్బందైంది. ఏ పొగ అయినా ఊపిరితిత్తులకు పొగే కాబట్టి, ఉబ్బసం ఉన్నవారు, చిన్నపిల్లలు ఉండే చోట దీన్ని మానుకోవడం మంచిది. స్ఫటికాలను ఎండలో, ఉప్పునీటిలో పెట్టి శుద్ధి చేసేవారికి చిన్న మాట: అమెథిస్ట్ ఎండకు వెలిసిపోతుంది, జిప్సమ్ జాతికి చెందిన సెలెనైట్ నీటిలో నానితే మెరుపు పోతుంది.

శక్తి ఏదీ పట్టుబడనప్పుడు, సాధన తర్వాత మనసు తేలికపడటం ఎక్కడి నుంచి వస్తోంది? తేలికపడుతున్న మాట అబద్ధం కాదు, దాన్ని కొట్టిపారేయడం తొందరపాటు. మొదట ఊపిరి. గ్రౌండింగ్ చేసేవారి శ్వాస నిమిషానికి ఆరేడుకు దిగవచ్చు. ఆ వేగంలో ఊపిరికీ గుండె లయకూ పొంతన కుదిరి, శరీరం అప్రమత్తత నుంచి విశ్రాంతి వైపు మళ్లుతుంది. ఇది కొలిచి చూపగలిగిన సంగతి. రెండోది తంతు. మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఓ తేడా గమనించాడు. ప్రశాంతమైన ఉప్పుటేరులో చేపలు పట్టేవారికి మంత్రతంత్రాలు అక్కర్లేదు. ఎప్పుడేమవుతుందో తెలియని నడి సముద్రంలోకి వెళ్లేటప్పుడు మాత్రం తంతు లేనిదే కదలరు. అదుపులో లేనిదాని ముందు మనిషి చేసే పని అది. 2016లో ప్రచురితమైన ప్రయోగాల్లో పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ బృందం, ఇతరుల ముందు పాడబోయేవారి చేత ఓ కల్పిత తంతు చేయించింది. ప్రస్తుతం ఎలా అనిపిస్తోందో బొమ్మ గీయాలి, దానిమీద ఉప్పు చల్లాలి, అయిదు దాకా బయటికి లెక్కపెట్టాలి, కాగితాన్ని ఉండచుట్టి బుట్టలో పడేయాలి. అప్పటికప్పుడు పరిశోధకులు కల్పించిన తంతే అయినా, చేసినవారి ఆందోళన తగ్గింది, పాట బాగా వచ్చింది. అదే పనుల వరుసను తంతు అనకుండా ఏవో చేష్టలుగా చెప్పి చేయిస్తే ఆ మేలు కనిపించలేదు. ఉప్పులో గుణం లేదు, ఇది తంతు అని తెలిసి చేయడంలో ఉంది.

మూడోది, ఇతరుల శక్తి అంటుకోవడం. ఇక్కడ నమ్మేవారు చెప్పేదాంట్లో ఒక వాస్తవం ఉంది, దాని వివరణే వేరు. ఎదుటివారి ముఖకవళికలను, గొంతు తీరును, కూర్చున్న భంగిమను మనం తెలియకుండానే అనుకరిస్తాం, ఆ అనుకరణ వెంట వాళ్ల భావమూ మనలోకి వస్తుంది. మనోవిజ్ఞానం దీన్ని భావోద్వేగాల సంక్రమణ అంటుంది, 1990ల నుంచి దీనిమీద విస్తారంగా అధ్యయనాలున్నాయి. రోజంతా బాధల్లో ఉన్నవారితో మాట్లాడే నర్సులో, సలహాదారులో సాయంత్రానికి ఎవరి దిగులో తెలియని దిగులుతో మిగలడం కల్పన కాదు. అలాంటప్పుడు పావుగంట కూర్చుని, ఈ కోపం నాదా, ఆయనదా అని తనను తాను అడగడం పనికొచ్చే పని. తెల్లని కాంతి గుడ్డును ఊహించుకుంటే ఆ ప్రశ్న గుర్తొస్తుందనుకుంటే, ఊహించుకోవడంలో నష్టమేమీ లేదు. ఫార్చ్యూన్‌కు ఆ గదిలో కావలసింది కూడా ఇదే: ఈ మాట ఆమెది, నాది కాదు అన్న గీత.

అసలు ముడి మూడో వాదంలో, అంటే శుద్ధి వల్ల స్ఫురణ పెరుగుతుందన్నదానిలో ఉంది. స్ఫురణ అంటే ఏమిటో స్పష్టత లేకపోతే అది పెరిగిందో తరిగిందో ఎవరూ చెప్పలేరు. స్ఫురణ అంటే గుర్తుపట్టడమే తప్ప మరొకటి కాదని, మనుషులు నిర్ణయాలు తీసుకునే తీరును అధ్యయనం చేసిన హెర్బర్ట్ సైమన్ తేల్చి చెప్పాడు. అనుభవజ్ఞులైన అగ్నిమాపక అధికారులను అధ్యయనం చేసిన మనోవైజ్ఞానికుడు గ్యారీ క్లైన్, వాళ్లు ప్రత్యామ్నాయాలను పోల్చుకోకుండానే సరైన నిర్ణయం తీసుకోవడం చూశాడు. ఏదో తేడాగా ఉందని అనిపించి మనుషులను బయటికి లాగిన తర్వాతే కారణం వాళ్లకు తెలిసేది. స్ఫురణ మీద నమ్మకం ఉన్న క్లైన్, దాన్ని అనుమానంగా చూసే మనోవైజ్ఞానికుడు డేనియల్ కానెమన్ కలిసి 2009లో ఓ వ్యాసం రాశారు. ఇద్దరూ ఒప్పుకున్న షరతులు రెండు. మీరు ఊహిస్తున్న రంగంలో నిలకడైన క్రమం ఏదో ఉండాలి. మీ ఊహ తప్పో ఒప్పో వెంటనే, స్పష్టంగా, పదే పదే తెలుస్తూ ఉండాలి. నర్సుకు, చదరంగం ఆటగాడికి ఇవి దొరుకుతాయి. వచ్చే ఏడాది ఏం జరుగుతుందో చెప్పేవారికి దొరకవు. దేహం ఇచ్చే సంకేతాలకూ ఇందులో వాటా ఉంది. 2016లో లండన్‌లో జరిగిన ఓ అధ్యయనంలో, నాడి పట్టుకోకుండా తమ గుండె కొట్టుకోవడాన్ని సరిగ్గా లెక్కించగలిగిన ఆర్థిక మార్కెట్ వ్యాపారులు మిగతావారి కంటే ఎక్కువ లాభాలు చూశారు. నెమ్మదిగా కూర్చుని ఒంట్లో ఏం జరుగుతోందో గమనించే అలవాటు ఇలాంటి సంకేతాలను వినడానికి తోడ్పడవచ్చు. శుద్ధి సాధనల పక్షాన నేను వాదించగలిగింది ఇంతవరకే.

అతీంద్రియ జ్ఞానం సంగతి వేరు. దాన్ని పరీక్షించలేదని ఎవరూ అనలేరు. 1930లలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు జె.బి. రైన్ అయిదు గుర్తులున్న 25 కార్డుల కట్టలతో వేల పరీక్షలు జరిపాడు. కట్టకు సగటున అయిదు కేవలం అదృష్టం వల్లే కలుస్తాయి. అంతకంటే ఎక్కువ కలిసిన ఫలితాలు, ఏర్పాట్లు కట్టుదిట్టం చేసేకొద్దీ కరిగిపోయాయి. దూరదృశ్యాలను మనసుతో చూసే గూఢచారుల కోసం అమెరికా ప్రభుత్వం రెండు దశాబ్దాల పాటు దాదాపు 2 కోట్ల డాలర్లు ఖర్చు చేసి, నిఘాకు పనికొచ్చిన సమాచారం ఒక్కటీ రాలేదని తేలాక 1995లో ఆ కార్యక్రమాన్ని మూసేసింది. 2011లో మనోవైజ్ఞానికుడు డారిల్ బెమ్ భవిష్యత్తును ముందే పసిగట్టడం సాధ్యమేనంటూ తొమ్మిది ప్రయోగాలు ప్రచురిస్తే, మళ్లీ చేసి చూసినవారికి ఆ ఫలితాలు రాలేదు. దాని వల్ల జరిగిన మేలు, మనోవిజ్ఞానం తన పరిశోధన పద్ధతులనే అనుమానించి దిద్దుకోవడం మొదలుపెట్టడం.

ఇప్పుడు నిత్య శుద్ధిని స్ఫురణ పక్కన పెట్టి చూడండి. స్ఫురణకు ప్రాణం, తప్పు తప్పుగా తెలియడం. శుద్ధి సిద్ధాంతం సరిగ్గా దాన్నే అడ్డుకుంటుంది. ఊహ నిజమైతే శుద్ధి పనిచేసింది. తప్పైతే ఆ రోజు శక్తి బాగాలేదు, కవచం సరిగ్గా కట్టుకోలేదు, గదిలో ఎవరిదో ప్రభావం ఉంది. ఏ ఫలితం వచ్చినా సిద్ధాంతం చెక్కుచెదరదు, సాధకురాలికి పాఠం దక్కదు. పదేళ్లు రోజూ సాధన చేసినా మొదటి రోజున్న చోటే ఉండిపోవడానికి ఇంతకంటే నమ్మకమైన ఉపాయం లేదు. పైగా తనకు ఎప్పుడూ తట్టేది నిజమేనన్న నమ్మకం మాత్రం ఏటికేడు బలపడుతుంది. 1948లో మనోవైజ్ఞానికుడు బెర్ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులందరికీ జాతకాల పుస్తకం నుంచి ఏరిన ఒకే వర్ణనను, ఎవరిది వారికే ప్రత్యేకంగా రాసినట్టు ఇచ్చాడు. అది తమకు అయిదుకు 4.26 మేర సరిపోయిందని వాళ్లు సగటున మార్కులు వేశారు. కార్డులు చదివేవారికి ఎదురుగా కూర్చున్నవారి నుంచి వచ్చే తలాడింపు ఇలాంటిదే. దాన్ని సరైన సమాధానంగా లెక్కేసుకోకూడదు.

రక్షణకు ఇంకో దుష్ఫలితం ఉంది. రోజూ కవచం కట్టుకునే మనిషి, రోజూ దాడి ఉందని తనకు తాను చెప్పుకుంటున్నట్టే. భయపడే మనిషికి ఒంట్లో అలజడి ఎక్కువ, ఆ అలజడి కూడా హెచ్చరికగానే తోస్తుంది. కవచం లేకుండా బయటికి అడుగుపెట్టలేని స్థితి, శుద్ధి సరిగ్గా అయిందో లేదోనని మళ్లీ మళ్లీ చేయడం, సన్నిహితులను ఒక్కొక్కరినే ప్రతికూల శక్తులుగా లెక్కగట్టి దూరం పెట్టడం కనిపిస్తే, అవసరమైంది మరింత బలమైన కవచం కాదు, మానసిక వైద్యుల సలహా. మీకు ఎవరో చేసిన కీడు తగిలింది, తీయడానికి ఇంత అవుతుంది, పూర్తిగా పోలేదు కాబట్టి మరోసారి రావాలి అనేవారి దగ్గర నుంచి లేచి వచ్చేయడమే రక్షణ.

గొంతులు వినిపించే సంగతి సున్నితమైనది. 2017లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, రోజూ గొంతులు వింటామని చెప్పే సైకిక్‌లను (తమకు అతీంద్రియ శక్తి ఉందనేవారిని), తీవ్ర మానసిక రుగ్మత వల్ల గొంతులు వినే రోగులను పోల్చి చూశారు. వినిపించే గొంతుల తీరు ఇద్దరిలోనూ చాలావరకు ఒకటే. తేడా అదుపులో తేలింది. సైకిక్‌లు తాము ఎప్పుడు వినాలో, ఎప్పుడు ఆపాలో కొంతవరకు నిర్ణయించుకోగలిగారు. తమ అనుభవాన్ని మొదటిసారి చెప్పినప్పుడు వాళ్లను ఆదరించినవారూ ఎక్కువ. సాధనకు ముందు మనసును తెరవడం, తర్వాత మూయడం అనే తంతుకు నా దృష్టిలో ఉన్న గట్టి సమర్థన ఇదే, ఆ అధ్యయనం ఆ తంతును పరీక్షించకపోయినా. మూసినా ఆగని గొంతులు, ఏదో చేయమని ఆజ్ఞాపించే గొంతులు, వాటితో పాటు నిద్ర పట్టకపోవడం ఉంటే ధూపం పక్కన పెట్టి ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

శుద్ధి వల్ల తన స్ఫురణ పెరిగిందని నమ్మేవారు దాన్ని సొంతంగానే తేల్చుకోవచ్చు. పొద్దున్నే నాణెం ఎగరేయండి. బొమ్మ పడితే ఆ రోజు సాధన చేయండి, బొరుసు పడితే మానేయండి. ఎలా అయినా ఆ రోజు గురించి తట్టినవాటిని, సాయంత్రానికి తప్పో ఒప్పో నిర్ధారించగలిగేలా రాసి పెట్టండి. ఇవాళ ఏదో మార్పు వస్తుంది అని రాస్తే లెక్కకు రాదు. మధ్యాహ్నంలోగా ఫలానా వ్యక్తి ఫోను చేస్తారు అని రాయాలి. ఎంత నమ్మకమో శాతంలో పక్కన వేయండి. మార్కులు వేయడం, ఏ రోజు సాధన చేశారో తెలియని స్నేహితురాలికి వదిలేయండి. మరీ చిన్న తేడా ఉంటే రెండు మూడు నెలల్లో బయటపడకపోవచ్చు. రోజూ పావుగంట కేటాయించడానికి, పరిచయస్తులను దూరం పెట్టడానికి తగినంత పెద్ద తేడా ఉంటే మాత్రం ఆ కాగితం మీద దాక్కోవడం కష్టం.